"పుట్ ఆఫ్" అంటే వాయిదా వేయడమేనా? నేను వాయిదా గురించి రాస్తే వారు క్షమాపణ ఎందుకు చెప్పారు?

ప్రశ్న: కొత్తపుట

అందరికీ నమస్కారం. "పుట్ ఆఫ్" అనే ఇంగ్లీషు క్రియకు "వాయిదా వేయు" అనే ఒక్క అర్థమే నేను బడిలో నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ దానితోనే నెట్టుకొచ్చాను. ఈ మధ్య జరిగిన ఒక సంఘటనతో ఆ ఒక్క అర్థం చాలదని తెలిసింది గాని, మిగిలిన అర్థాలేమిటో, ఎప్పుడు ఏది వర్తిస్తుందో నిఘంటువు తిరగేసినా తేటపడలేదు.

జరిగినది ఇది. ఒక సంస్థలో నాకు ఇంటర్వ్యూ ఉండగా, ముందురోజు సాయంత్రం ఆ ఇంటర్వ్యూ ఆగిందని, కొత్త తేదీ తర్వాత తెలియజేస్తామని మెయిల్ వచ్చింది. నాలుగు రోజులు ఎదురుచూసి నేను ఇలా రాశాను: "ఐ వాజ్ పుట్ ఆఫ్ బై యువర్ లాస్ట్ మెయిల్. కైండ్లీ కన్ఫర్మ్ ద న్యూ డేట్." మీ మెయిల్‌తో నా ఇంటర్వ్యూ వాయిదా పడింది కాబట్టి కొత్త తేదీ ఖరారు చేయండి అన్నది నా ఉద్దేశం. గంటలోపే జవాబు వచ్చింది. అందులో తేదీ లేదు, క్షమాపణ ఉంది. తమ మెయిల్‌లోని ధోరణి నాకు ఇబ్బంది కలిగించి ఉంటే మన్నించాలని, నాకు ఈ ఉద్యోగం మీద ఇంకా ఆసక్తి ఉన్నట్లయితే ఆ మాట తెలియజేస్తే తదుపరి తేదీ పంపుతామని రాశారు. ఆసక్తి లేదని నేను ఎక్కడ అన్నానో అంతుపట్టక, నా రెండు వాక్యాలనూ పదిసార్లు చదువుకున్నాను.

అప్పటి నుంచి ఈ మాట ఎక్కడ కనిపించినా ఆగి చూస్తున్నాను. ఒక దరఖాస్తు పత్రం తలమీద "డోంట్ లెట్ ద లెంగ్త్ ఆఫ్ దిస్ ఫామ్ పుట్ యు ఆఫ్" అని ఉంది. ఒక కథలో పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయి తన తమ్ముడితో "స్టాప్ హమ్మింగ్, యు ఆర్ పుటింగ్ మి ఆఫ్" అంటుంది. మరొకచోట అప్పిచ్చిన మనిషి "హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్" అని వాపోతాడు. మూడింటిలోనూ "పుట్", "ఆఫ్"ల మధ్య ఉన్నది మనిషి. పని వాయిదా పడుతుంది, పెళ్లి వాయిదా పడుతుంది, మనిషి ఎలా వాయిదా పడతాడు? ఇవన్నీ ఒకే క్రియనా, లేక ఒకే వేషంలో ఉన్న వేర్వేరు క్రియలా? పనిలో పనిగా మరో సందేహం కూడా తీర్చండి: "ఐ పుట్ ఆఫ్ టు గో" అనాలా, "ఐ పుట్ ఆఫ్ గోయింగ్" అనాలా?

జవాబు: నిదానం

కొత్తపుట గారూ, మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, చిక్కంతా అందులోనే ఉంది. తప్పుల తడకగా రాసి ఉంటే, చదివినవారు మీ మనసులోని మాట ఏదై ఉంటుందా అని ఒక్క క్షణం ఆలోచించేవారు. మీరు నిక్షేపంగా ఉన్న వాక్యాన్ని, కాకపోతే మీరు అనుకోని అర్థమున్న వాక్యాన్ని రాశారు. అందువల్ల వారు ఉన్నది ఉన్నట్టే చదువుకున్నారు. "మీ మెయిల్ చూసి నా మనసు విరిగింది, దయచేసి కొత్త తేదీ ఖరారు చేయండి" అని వారికి వినిపించింది.

"మనసు విరిగింది" అని కావాలనే అన్నాను. మన భాషలో కర్ర విరుగుతుంది, పాలు విరుగుతాయి, మనసు విరుగుతుంది. పాలు విరిగాయి అన్నప్పుడు ఎవరూ రెండు ముక్కలను ఊహించుకోరు. క్రియ అదే అయినా, విరిగినది ఏమిటో చూసి మనం అర్థాన్ని సరిచేసుకుంటాము, ఆ సరిచేసుకోవడం కూడా మనకు తెలియకుండానే జరిగిపోతుంది. "పుట్ ఆఫ్"తోనూ ఇదే పని చేయాలి. ముందు కర్మను చూడండి. సమావేశం, ప్రయాణం, నిర్ణయం, ఫోన్ చేయడం వంటి పనో కార్యక్రమమో కర్మగా ఉంటే అర్థం వాయిదా. కర్మ స్థానంలో మనిషి ఉంటే, మీరు బడిలో నేర్చుకున్న అర్థాన్ని పక్కన పెట్టి చూడవలసిందే. మీ వాక్యం కర్మణి ప్రయోగం కాబట్టి కర్మ ముందుకు వచ్చి కర్తలా కూర్చుంది, ఆ కూర్చున్నది "ఐ", అంటే మీరు. "మై ఇంటర్వ్యూ వాజ్ పుట్ ఆఫ్" అని ఉంటే ఏ గొడవా లేకపోయేది.

మనిషి కర్మగా ఉన్నప్పుడు ఎక్కువగా కనిపించేది దరఖాస్తు పత్రం మీద మీరు చూసిన అర్థమే. ఏదో ఒక లక్షణం, అది ధర కావచ్చు, వాసన కావచ్చు, మాటతీరు కావచ్చు, పత్రం నిడివి కావచ్చు, మనిషిని వెనకడుగు వేయిస్తుంది. "ద ప్రైస్ పుట్ మి ఆఫ్" అంటే ధర చూసి కొనాలన్న ఉత్సాహం చల్లబడింది అని. ఇది అసహ్యం కన్నా చాలా తేలికైన మాట. పైగా ఈ అర్థం కుదరాలంటే ముందు ఎంతో కొంత మొగ్గు ఉండి తీరాలి, అసలు కొనే ఆలోచనే లేనివాడు ధర చూసి "ఇట్ పుట్ మి ఆఫ్" అనడు. ఇప్పుడు మీకు వచ్చిన జవాబును మళ్లీ చదవండి. ఇంకా ఆసక్తి ఉన్నట్లయితే తెలియజేయమని వారు అడగడం మర్యాద కోసం కలిపిన మాట కాదు, ఉన్న ఆసక్తి తగ్గిందని మీ వాక్యమే చెప్పింది.

ఈ అర్థంలో "ఆఫ్" తర్వాత మరో నామవాచకం కూడా చేరవచ్చు. "ద యాక్సిడెంట్ పుట్ హిమ్ ఆఫ్ డ్రైవింగ్" అంటే ఆ ప్రమాదంతో అతనికి బండి నడపడం మీదే విముఖత కలిగింది. "ఇట్ పుట్ మి ఆఫ్ మై ఫుడ్" అంటే దానితో నాకు తిండి మీద ధ్యాస పోయింది. "మీద" అనే మాట ఇక్కడ మనకు ఎంతో కలిసివస్తుంది: దేని మీద ఇష్టం ఉండేదో దాని మీద నుంచి మనిషిని పక్కకు జరిపారు.

అక్కాతమ్ముళ్ల వాక్యం వేరు. ఆ అమ్మాయికి చదువు మీద విముఖత కలగలేదు, కూనిరాగం వల్ల చదువు సాగడం లేదు. ఏకాగ్రత చెదరగొట్టడం అనే ఈ అర్థం బ్రిటిష్ ఇంగ్లీషులో ఎక్కువ. అమెరికన్లు ఇలాంటి చోట "డిస్ట్రాక్ట్" అనో "త్రో ఆఫ్" అనో అంటారు. గుర్తుపట్టడం కష్టం కాదు. ఆ క్షణాన ఏదో పని నడుస్తూ ఉంటుంది, దానికి పక్కనుంచి ఆటంకం వస్తూ ఉంటుంది, అందుకే ఈ అర్థంలో వాక్యం చాలాసార్లు "యు ఆర్ పుటింగ్ మి ఆఫ్" అని వర్తమానంలో జరుగుతున్నట్టుగా ఉంటుంది.

ఇక అప్పిచ్చినవాడి గోడు. ఇదిగో అదిగో అని తిప్పించుకోవడం, దాటవేయడం. ఇక్కడ కర్తా కర్మా ఇద్దరూ మనుషులే, ఒకరు అడిగేవారు, ఒకరు తప్పించుకునేవారు. "విత్ ఎక్స్‌క్యూజెస్" అనే తోక తగిలితే సందేహమే ఉండదు. మీ వాయిదాకు దగ్గరి చుట్టం ఈ అర్థమే, ఎందుకంటే నిజంగా వాయిదా పడుతున్నది బాకీ తీర్చడం. ఇంగ్లీషు మాత్రం బాకీని వదిలేసి మనిషిని కర్మ చేసింది. ఇందులో ప్రతిసారీ మోసం ఉండాలని కూడా లేదు. ఇంటికి రావలసిన అతిథులకు "ఇప్పుడు వీలుపడదు, మరోసారి రండి" అని కబురు చేయడాన్ని కూడా "ఐ హాడ్ టు పుట్ దెమ్ ఆఫ్" అంటారు.

జవాబు: అల్పవిరామం

నిదానం గారు అర్థం సంగతి చూశారు కాబట్టి నేను మాటల వరుస గురించి రాస్తాను.

ముందుగా "టు గో" సంగతి. "పుట్ ఆఫ్" తర్వాత క్రియ రావలసి వస్తే అది "ఇంగ్" రూపంలోనే రావాలి: "ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్." "పుట్ ఆఫ్ టు గో" తప్పు. వెళ్లడం, చేయడం, అడగడం అని మనం క్రియను నామవాచకంగా మార్చి "వెళ్లడం వాయిదా వేశాను" అంటాము కదా, అక్కడ "వెళ్లడం" చేసే పనినే ఇక్కడ "గోయింగ్" చేస్తోంది. "వెళ్లడానికి వాయిదా వేశాను" అని తెలుగులో ఎలా అనమో అలాగే ఇంగ్లీషులోనూ అనరు. తెలుగు చెవి ఇంగ్లీషుకు దారి చూపే సందర్భాలు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

తర్వాత కర్మ ఎక్కడ ఉండాలి అన్నది. "దే పుట్ ఆఫ్ ద మీటింగ్", "దే పుట్ ద మీటింగ్ ఆఫ్" రెండూ సరైనవే. కర్మ సర్వనామం అయితే మాత్రం అది మధ్యలోనే ఉండాలి: "దే పుట్ ఇట్ ఆఫ్." "దే పుట్ ఆఫ్ ఇట్" అని రాస్తే అర్థమవుతుంది గాని వినేవారికి పంటికింద రాయి తగిలినట్టుంటుంది. దీనికి నేను చెప్పుకునే కారణం ఒకటుంది. ఇంగ్లీషు వాక్యంలో చివరి చోటు బరువైన మాటకు, కొత్త విషయానికి దక్కుతుంది. "ఇట్", "మి", "దెమ్" వంటివి అప్పటికే తెలిసిన వాటిని సూచించే చిన్న మాటలు కాబట్టి అవి చివర నిలబడలేవు. చదివేటప్పుడు కూడా "పుట్ ఇట్ ఆఫ్" అన్న మూడింటిలో ఊనిక "ఆఫ్" మీద పడుతుంది.

ఇదే సూత్రం అటువైపు నుంచి కూడా పనిచేస్తుంది. కర్మ పొడవైనదైతే దాన్ని మధ్యలో ఇరికించరు. అందరికీ తెలిసిన సామెతనే చూడండి: "నెవర్ పుట్ ఆఫ్ టిల్ టుమారో వాట్ యు కెన్ డు టుడే." మన "ఆలస్యం అమృతం విషం"కు వరసకు అన్న లాంటి ఈ సామెతలో కర్మ "వాట్ యు కెన్ డు టుడే" అనే అయిదు మాటల గుంపు. అది "ఆఫ్"కు ముందు రాలేకపోవడమే కాదు, "టిల్ టుమారో"ను కూడా ముందుకు పంపి తాను వాక్యం కొసకు చేరింది. చిన్నప్పుడు ఈ సామెతను కంఠస్థం చేసి, అందులో మాటల వరుస తలకిందులుగా ఎందుకుందో ఏ ఉపాధ్యాయుడినీ అడగకుండానే పెద్దవాడినయ్యాను.

మరో చిన్న సంగతి. "ద యాక్సిడెంట్ పుట్ హిమ్ ఆఫ్ డ్రైవింగ్" వంటి వాక్యంలో ఈ ఎంపిక స్వేచ్ఛ లేదు. ఇక్కడ "ఆఫ్" తన తర్వాతి "డ్రైవింగ్"కు అతుక్కుని ఉంది కాబట్టి మనిషి సర్వనామమైనా, పేరైనా, ఎంత పొడవైన వర్ణన అయినా "పుట్" పక్కనే ఉండాలి. "పుట్ ఆఫ్ ద బాయ్ డ్రైవింగ్" అనడం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. "పుట్"కు వర్తమానం, భూతం, భూతకాల విశేషణం మూడూ ఒకే రూపం. "దే పుట్ ఆఫ్ పేయింగ్" అన్న వాక్యం ఒంటరిగా కనబడితే వాయిదా వేస్తారో వేశారో తేలదు. "ఎస్టర్‌డే" వంటి కాలాన్ని తెలిపే మాట ఒకటి పక్కన పెట్టడం మేలు.

ప్రశ్న అడిగినవారి వ్యాఖ్య: కొత్తపుట

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాలు విరగడం, మనసు విరగడం అన్న పోలికతో సగం మబ్బు తొలగింది. అయితే కర్మను చూస్తే అర్థం తెలిసిపోతుందన్న సూత్రాన్ని పరీక్షించుదామని కూర్చుంటే ఒకచోట ఆగిపోయాను. "దే పుట్ ఆఫ్ ద విజిటర్స్" అన్న వాక్యంలో కర్మ మనుషులే. సందర్శకులకు విముఖత కలిగించారా, వారి రాకను మరో రోజుకు మార్చారా? నాకు రెండూ సరిపోతున్నట్టే కనిపిస్తున్నాయి. అలాగే, ఈ అర్థాలన్నిటికీ అడుగున ఒకే బొమ్మ ఉందా, ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే బొమ్మ దొరికితే నాలుగు అర్థాలు విడివిడిగా బట్టీ పట్టే బాధ తప్పుతుందన్న స్వార్థంతోనే అడుగుతున్నాను.

జవాబు: పాతబీరువా

సందర్శకుల వాక్యం నిజంగానే రెండర్థాల వాక్యం. అక్కడ కర్తే తీర్పు చెప్పాలి. "ద స్మెల్ పుట్ ఆఫ్ ద విజిటర్స్" అంటే వాసనకు వారు వెనుదిరిగారు, ఎందుకంటే వాసన ఎవరి కార్యక్రమాన్నీ వాయిదా వేయలేదు. "ద సెక్రటరీ పుట్ ఆఫ్ ద విజిటర్స్ అంటిల్ మండే" అంటే కార్యదర్శి వారిని సోమవారం రమ్మన్నారు. కర్త మనిషై, "అంటిల్" వంటి ఆధారం లేకపోతే ముందువెనుక వాక్యాలు చదవక తప్పదు.

అడుగున ఉన్న బొమ్మ సంగతికి వస్తే, అది ఉంది. "పుట్" అంటే పెట్టడం, "ఆఫ్" అంటే ఉన్న చోటు నుంచి ఎడంగా. పనిని ఈ రోజు నుంచి ఎడంగా పెడితే వాయిదా. మనిషిని అతని కోరిక నుంచి ఎడంగా పెడితే విముఖత. దృష్టిని పని నుంచి ఎడంగా పెడితే ఆటంకం. అడగవచ్చినవాడిని మన గుమ్మం నుంచి ఎడంగా పెడితే దాటవేత. బస్సు నడిపేవాడు ప్రయాణికుణ్ణి దారిలో దింపేయడాన్ని కూడా "పుట్ ఆఫ్" అనే అంటారు, అక్కడ ఈ ఎడం కంటికే కనిపిస్తుంది.

పాత ఇంగ్లీషు పుస్తకాలు చదివేవారికి మరో అర్థం ఎదురవుతుంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో మండే పొద దగ్గర మోషేను చెప్పులు విడవమన్న చోట వాడిన క్రియ "పుట్ ఆఫ్". బట్టలు, చెప్పులు ఒంటి నుంచి తీసేయడం ఒకప్పుడు ఈ మాటకు మామూలు అర్థం. నేడు ఆ పని "టేక్ ఆఫ్" చేస్తోంది. తొడుక్కోవడం మాత్రం ఇప్పటికీ "పుట్ ఆన్" గనుక, దానికి వ్యతిరేకం "పుట్ ఆఫ్" అయి ఉంటుందని చాలామంది పొరబడతారు. ఈ రోజుల్లో ఎవరితోనైనా "పుట్ ఆఫ్ యువర్ షూస్" అంటే మూడు నాలుగు శతాబ్దాల కిందటి మనిషి మాట్లాడినట్టుంటుంది.

"పోస్ట్‌పోన్"నూ దీని పక్కన పెట్టి చూడండి. అది లాటిన్ నుంచి వచ్చిన మాట. అందులో "పోస్ట్" అంటే తర్వాత, "పోనెరే" అంటే పెట్టడం. అంటే పండితుల లాటిన్ మాట, వాడుకలోని ఇంగ్లీషు మాట రెండూ "పెట్టు" అన్న క్రియతోనే కట్టుకున్నవి. ఒకటి వెనక్కి పెట్టింది, మరొకటి ఎడంగా పెట్టింది. "ప్రొక్రాస్టినేట్" మాట వేరు. దాని కడుపులో లాటిన్ "క్రాస్", అనగా "రేపు" ఉంది, అందుకే దానిలో బద్ధకం వాసన ఎప్పటికీ పోదు. మన "వాయిదా" కూడా అరబ్బీలో మాట ఇవ్వడం అనే అర్థం గల పదం నుంచి ఉర్దూ మీదుగా వచ్చినది. వాయిదా అడిగినవాడు ఫలానా రోజుకు చేస్తానని మాట ఇచ్చినట్టు లెక్క. అప్పు వాయిదాల్లో తీర్చడం అన్న వాడుకలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది.

ఇలాంటి క్రియలు బయటివారిని ఏడిపిస్తాయన్న సంగతి ఇంగ్లీషువారికి ఎప్పటి నుంచో తెలుసు. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన తన నిఘంటువు పీఠికలోనే, క్రియ పక్కన చిన్న మాట చేర్చి అర్థాన్ని మార్చే ఈ పద్ధతి విదేశీయులకు అత్యంత కష్టమైనదని రాసి, "కమ్ ఆఫ్", "సెట్ ఆఫ్", "టేక్ ఆఫ్" వంటివి ఉదాహరణలుగా చూపాడు. వీటికి "ఫ్రేజల్ వెర్బ్" అనే పేరు అచ్చులో స్థిరపడటం అంతకన్నా చాలా ఆలస్యం: 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత ఆ పేరు వాడుతూ, దాన్ని తనకు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు. జాన్సన్ ఆ కష్టాన్ని చెప్పిన నూటడెబ్బై ఏళ్లకు దానికి పేరు పెట్టారన్నమాట.

జవాబు: గంటలబడి

పాతబీరువా గారి బొమ్మ అందంగానే ఉంది గాని, కొత్తపుట గారు దాని మీద మరీ బరువు వేయకూడదని నా అభిప్రాయం. అర్థం తెలిసిన తర్వాత "అవును, ఎడంగా పెట్టడమే కదా" అనిపిస్తుంది. తెలియక ముందు ఆ బొమ్మ నుంచి అర్థాన్ని రాబట్టడం అసాధ్యం. "పుట్ అవే"లోనూ ఎడంగా పెట్టడమే ఉంది, కానీ దాని అర్థం సర్దిపెట్టడం. మన "కొట్టు"నే తీసుకోండి. కొట్టివేయడం ఒకటి, కొట్టుకుపోవడం ఒకటి, కొట్టొచ్చినట్టు కనబడటం మరొకటి. దెబ్బ అన్న బొమ్మ ఒక్కటి ఇచ్చి, తెలుగు రాని మనిషిని ఈ మూడింటి అర్థం చెప్పమంటే చెప్పగలడా? బొమ్మ జ్ఞాపకానికి కొక్కెంగా పనికివస్తుంది, అంతవరకే. నిదానం గారు చెప్పిన కర్మ పరీక్ష అంతకన్నా ఎక్కువ అక్కరకు వస్తుంది.

ఆ పరీక్షకు నా వంతుగా ఒక సాక్ష్యం చేరుస్తాను. "ఆఫ్-పుటింగ్" అని ఒక విశేషణం ఉంది. "ఆన్‌గోయింగ్", "ఇన్‌కమింగ్"లలో లాగే చిన్న మాట ముందుకు వచ్చి క్రియ వెనక చేరింది. దీని అర్థం వెనకడుగు వేయించేది, ఇబ్బంది కలిగించేది అని మాత్రమే. వాయిదాతో దీనికి ఏ సంబంధమూ లేదు. "యాన్ ఆఫ్-పుటింగ్ మీటింగ్" అంటే వాయిదా పడిన సమావేశం కాదు, మళ్లీ అటువైపు వెళ్లబుద్ధి కానివ్వని సమావేశం. పని కర్మగా ఉన్న అర్థానికీ, మనిషి కర్మగా ఉన్న అర్థానికీ మధ్య గీత ఎంత గట్టిదో ఈ ఒక్క మాట చూపుతుంది.

ఇక వాయిదా అర్థంలోనే జాగ్రత్త పడవలసినవి కొన్ని ఉన్నాయి. "కాల్ ఆఫ్" అంటే రద్దు చేయడం. దాన్ని "పుట్ ఆఫ్"తో కలపకూడదు. "పుట్ ఆఫ్" అన్నప్పుడు తేదీ తెలిసినా తెలియకపోయినా పని ఎప్పటికో జరుగుతుందన్న ఆశ ఉంటుంది, నిరవధిక వాయిదాను కూడా "పుట్ ఆఫ్ ఇన్‌డెఫినిట్లీ" అనవచ్చు. "కాల్ ఆఫ్"లో ఆ ఆశ లేదు. కొత్త తేదీ చెప్పేటప్పుడు "అంటిల్ ఫ్రైడే", వ్యవధి చెప్పేటప్పుడు "ఫర్ ఎ వీక్" అని రాస్తే సరిపోతుంది. "పోస్ట్‌పోన్"కు వ్యతిరేకంగా మనం వాడే "ప్రిపోన్" ఇతర దేశాల వారిలో చాలామందికి తెలియదు. వారు "బ్రింగ్ ఫార్వర్డ్" అంటారు.

"పుట్ బ్యాక్" మరీ చిత్రమైనది. బ్రిటిష్ వాడుకలో "పుట్ ద మీటింగ్ బ్యాక్ యాన్ అవర్" అంటే సమావేశం గంట ఆలస్యం, "పుట్ ద క్లాక్ బ్యాక్ యాన్ అవర్" అంటే గడియారం ముల్లును గంట ముందటి సమయానికి తిప్పడం. పది గంటల సమావేశం పదకొండుకు వెళ్తుంది, పది గంటలు చూపే గడియారం తొమ్మిదికి వస్తుంది. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో రాసే సాహసం నేను చేయను.

దీపం ఆర్పడానికి "పుట్ ఆఫ్ ద లైట్" అనడం నిఘంటువుల్లో ఉన్నదే, తప్పు కాదు. అయితే "టర్న్ ఆఫ్", "స్విచ్ ఆఫ్" ఎక్కువ వాడుకలో ఉన్నాయి.

కొత్తపుట గారి ఉత్తరానికి తిరిగి వస్తే, అటువంటి చోట నేనైతే "పుట్ ఆఫ్" కన్నా "పోస్ట్‌పోన్" ఎంచుకుంటాను. మొదటి కారణం, అది లేఖల భాష. రెండవది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. మనిషి కర్తగా ఉండి "పుట్ ఆఫ్" అన్నప్పుడు, ఇష్టం లేకనో భయం వల్లనో పనిని జరుపుకుంటూ పోతున్నాడన్న ఛాయ తరచుగా ఉంటుంది. "యు పుట్ ఆఫ్ మై ఇంటర్వ్యూ" అని రాస్తే సమాచారం కన్నా నిష్ఠూరమే ముందు వినిపిస్తుంది. "పోస్ట్‌పోన్"లో ఆ నిష్ఠూరం లేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది, దానికి మనిషి కర్మగా రాడు. "ఐ వాజ్ పోస్ట్‌పోన్డ్" అని రాసి ఉంటే వారు నవ్వుకునేవారేమో గాని, క్షమాపణ చెప్పేవారు కాదు.

ప్రశ్న అడిగినవారి వ్యాఖ్య: కొత్తపుట

అందరికీ మరొకసారి కృతజ్ఞతలు. "ఆఫ్-పుటింగ్ మీటింగ్" దగ్గర నాకు పూర్తిగా వెలిగింది. నా మెయిల్‌ను ఇంగ్లీషు మాతృభాషగా గలవారి కళ్లతో ఇప్పుడు చదివితే, మూతి ముడుచుకున్న అభ్యర్థి కనిపిస్తున్నాడు. మొదటి వాక్యంలో మనసు విరిగిందని చెప్పి, రెండో వాక్యంలో తేదీ ఎప్పుడని నిలదీశాడు.

నిన్న రాత్రి వారికి ఇలా రాసి పంపాను: "థ్యాంక్ యు ఫర్ యువర్ కైండ్ రిప్లై. ఐ మెంట్ ఓన్లీ దట్ మై ఇంటర్వ్యూ హాడ్ బీన్ పోస్ట్‌పోన్డ్. ఐ యామ్ స్టిల్ వెరీ ఇంటరెస్టెడ్." "ఐ వాజ్ పుట్ ఆఫ్" అన్న పాత వాక్యాన్ని వివరించబోయి ఒక పేరా రాసి, చదువుకుని, తీసేశాను. ఆ వివరణ చదివితే ఎవరికైనా ఆసక్తి సన్నగిల్లుతుందనిపించింది.

ఈ ఉదయం తేదీ వచ్చింది. మెయిల్ చివరి వాక్యం "వి హోప్ ద డిలే హాజ్ నాట్ పుట్ యు ఆఫ్" అని ఉంది. ఈసారి నిఘంటువు తెరవలేదు. "నాట్ అట్ ఆల్" అని జవాబిచ్చాను.